తోటలో పడినది ఏ గబ్బిలం?

తెల్లారేసరికి జామ చెట్ల కింద కొరికి పడేసిన కాయలు కనిపిస్తే మన రైతు అనే మాట ఒకటే: "రాత్రి గబ్బిలాలు పడ్డాయి." ఎన్ని వచ్చాయి, నిన్నటివే మళ్లీ వచ్చాయా అని అడిగితే చెప్పగలిగేవాళ్లు లేరు. ఊరి మర్రికి వేలాడే వందల గబ్బిలాలూ మన లెక్కలో ఒకే ముద్దాయి.

ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో యోసీ యోవెల్ బృందం దేనికది విడిగా చూడటం మొదలుపెట్టింది. మూడు గుంపుల ఈజిప్టు పండ్ల గబ్బిలాలను పెంచి, తిండి దగ్గర ఏది ఏం చేస్తోందో ఏడాదికి పైగా నమోదు చేసింది. 13,000కు పైగా ఇచ్చిపుచ్చుకోళ్లు లెక్కకొచ్చాయి. 2018లో వెలువడిన ఫలితం సరదాగానే ఉంటుంది. కొన్ని గబ్బిలాలు తామే వెళ్లి పండు తెచ్చుకుంటాయి. కొన్ని ఆ తెచ్చినవాటి నోట్లోంచి లాక్కుంటాయి. ఈ తీరు కనీసం 16 నెలలు నిలిచింది. పాలిచ్చే రోజుల్లో మాత్రం తల్లులు సొంత సంపాదన వైపు మొగ్గాయి. లాక్కునేవి కూడా ఎదురుపడిన ప్రతిదాని మీదా పడవు. ఒక్కోదానికి రెండు మూడు వాడుక నోళ్లుంటాయి. వీటిని సోమరులని కొట్టిపారేయలేం. ఇవి చుట్టుపక్కల ఎక్కువగా కనిపెట్టుకుని ఉండే రకం. చెట్టు మీద వాలడంలో ఉన్న ప్రమాదాన్ని ఇలా తప్పించుకుంటున్నాయేమోనని పరిశోధకుల ఊహ. మరుసటి ఏడాది వచ్చిన అధ్యయనంలో, ఆడవి తాము తిండి లాక్కున్న మగవాటితోనే పిల్లల్ని కంటున్నట్టు జన్యు పరీక్షలో తేలింది.

బయట తిరిగేవాటికి జీపీఎస్ పరికరాలు తగిలించి చూస్తే, ఊరికీ నగరానికీ తేడా కనిపించింది. నగరంలో మేసేవి ఒక్క రాత్రిలో ఎన్నో చెట్లు తిరిగి రకరకాల పండ్లు తింటున్నాయి. పల్లెల్లో మేసేవి కొద్ది చెట్లతోనే సరిపెట్టుకుంటున్నాయి.

ఇజ్రాయెల్‌వాళ్లు ముందునుంచీ ఇంత ఓపిగ్గా ఏమీ లేరు. 1950ల చివర్లో మొదలుపెట్టి, తోటలను కాపాడే పేరుతో గుహల్లో విషవాయువు పట్టించారు. పండ్ల జోలికే పోని, పురుగులు తినే గబ్బిలాలు కుప్పలుగా చచ్చాయి. మనమూ తక్కువ తినలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పండ్ల గబ్బిలాలను కాకులు, ఎలుకల సరసన హానికర జంతువుల జాబితాలో ఏళ్ల తరబడి ఉంచాం. 2022 సవరణ ఆ జాబితానే ఎత్తేసింది.

గబ్బిలాల మీద పని మనకు కొత్త కాదు. మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ఎం.కె. చంద్రశేఖరన్, జి. మారిముత్తు దశాబ్దాల పాటు వాటి నడతను పరిశీలించారు. ఆ పని తెలుగు జిల్లాల తోటల దాకా రావాలి.

హైదరాబాద్, విజయవాడ కాలనీల్లో పొద్దున్నే కార్ల మీద నరమామిడి గింజలు పడి ఉంటాయి. వీధి చెట్లు మేసే ఈ గబ్బిలాలే శివారు జామతోటలకూ పోతున్నాయా? లేక తోట రుచి మరిగినవి వేరే కొన్నా? ఇది తేలితే రైతుకు నేరుగా పనికొస్తుంది. అలవాటుపడినవి కొన్నే అయితే మర్రి కింద టపాసులు కాల్చి మొత్తం గుంపును చెదరగొట్టడం దండగ. పండే చెట్లకు మాత్రమే బిగువైన వల వేసుకుంటే సరిపోవచ్చు. వదులు వలల్లోనైతే గబ్బిలాలు చిక్కుకుని చస్తాయి.

గబ్బిలాలను పట్టి గుర్తులు వేయాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. గబ్బిలాల నుంచి సోకే నిపా వైరస్ 2018లో కేరళలో వచ్చాక ఒట్టి చేతులతో ముట్టుకునే మాటే లేదు. అందాకా డిగ్రీ కాలేజీ పిల్లలు చేయదగ్గ పని ఒకటుంది. మన చిన్న పండ్ల గబ్బిలం కాయను తెంపిన చోటే తినదు, దగ్గర్లోని మరో చెట్టుకు మోసుకుపోతుంది. ఆ చెట్టు కింద పట్టా పరిచి, చేతి తొడుగులతో రోజూ పిప్పీ గింజలూ ఏరి, జామవెన్నో మర్రివెన్నో వేరుచేసి రాసుకోవచ్చు. తిన్నది ఏ గబ్బిలమో దీంతో తెలియదు గానీ, రాత్రి చీకట్లో చూడగల కెమెరా ఒకటి ఏ చెట్టుకు కట్టాలో తెలుస్తుంది.