కొత్త కంప్యూటర్, పాత సాఫ్ట్‌వేర్ – మధ్యలో మన హద్దులు

మా అన్నదమ్ముల పొలం పంపకానికి సబ్‌డివిజన్ దరఖాస్తు పెట్టి ఐదు నెలలు దాటింది. ఫీజు కట్టాం. సర్వేయరు వచ్చి కొలిచి వెళ్లాడు. హద్దు రాళ్లు మేమే తెచ్చి వేసుకున్నాం. పని ఆగింది స్కెచ్ దగ్గర. ఎందుకయ్యా అంటే ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చిందట! పాతదాంట్లో నడిచిన మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఇందులో తెరుచుకోవడానికే పావుగంట పడుతోంది. రెండు సర్వే నంబర్లు పక్కపక్కన చూపించమంటే బిగుసుకుపోతోంది. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ ‘వచ్చే వారం రండి’ అనే మాటే.

ఇది వింతేమీ కాదు. ఆ కాలపు ప్రోగ్రాములు చాలావరకు 32-బిట్‌వి. కంప్యూటర్‌లో 16 జీబీ మెమరీ ఉన్నా అవి 4 జీబీకి మించి వాడుకోలేవు. డ్రోన్ తీసిన ఊరి ఫొటో పరిచి దానిమీద గట్లు గీయమంటే చతికిలపడతాయి. ఇంకా పాతవైన 16-బిట్ ప్రోగ్రాములు ఇప్పటి 64-బిట్ విండోస్‌లో అసలు లేవవు. ప్రపంచమంతా వాడిన ఆర్క్‌మ్యాప్ కూడా 32-బిట్‌దే. 2026 మార్చి 1తో దానికి మద్దతు ముగుస్తుందని తయారుచేసిన కంపెనీయే ముందుగా ప్రకటించింది.

ఆలస్యం ఒక్కటే అయితే ఓర్చుకుందుం. నాలుగోసారి వెళ్తే చిత్తు స్కెచ్ చేతికిచ్చారు. అందులో మా తూర్పు గట్టు కొలత 166 లింకులని ఉంది. మా తాతగారు ఎప్పుడో తీయించి ట్రంకుపెట్టెలో దాచిన ఎఫ్‌ఎంబీ నకలులో 186. కొత్త స్క్రీన్ మీద ఆ పాత సాఫ్ట్‌వేర్ అంకెలు చీమల్లా కనిపిస్తున్నాయి, 8 ఏదో 6 ఏదో ఆనడం లేదు. 100 లింకులంటే 66 అడుగులు. 20 లింకులంటే 13 అడుగుల పైమాట! ఆ కాగితమే లేకపోతే అన్నదమ్ములం కోర్టు మెట్లెక్కేవాళ్లం.

సర్వేయర్‌ని తిట్టి లాభం లేదు. ఆయనకిచ్చిన పనిముట్టు అది. నా ఫిర్యాదు వేరే. కంప్యూటర్లు మార్చేటప్పుడు, వాటిలో ఉన్న మన భూముల పటాలు ఏమవుతాయని ఎవరూ అడగలేదు. కొలతలు ఒకే ప్రోగ్రాము చదవగలిగే ఫైళ్లలో ఉంటే, ఆ ప్రోగ్రాము మూలపడ్డ రోజున పటం కూడా మూలపడుతుంది. మళ్లీ లక్షలు పోసి ఇంకో కంపెనీ లైసెన్సు కొంటే పదేళ్లకు ఇదే కథ. 2002లో మొదలైన క్యూజీఐఎస్ ఉంది. ఉచితం, 64-బిట్‌లో నడుస్తుంది, ఏ కంపెనీ తాళమూ లేదు. ఏ సాఫ్ట్‌వేర్ అయినా సరే, పటాలు మాత్రం అందరూ తెరవగలిగే ఫార్మాట్‌లో ఉండాలని మన సంఘం గట్టిగా అడగాలి.

అయితే మార్పిడి కూడా చూస్తూ చేయాల్సిన పనే. పాత ఎఫ్‌ఎంబీల్లో అక్షాంశ రేఖాంశాలు ఉండవు, రాయి నుంచి రాయికి కొలతలే. వాటిని శాటిలైట్ లెక్కకు సరిపెట్టేటప్పుడు తేడా వస్తే పొలమే పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. పేర్ల సంగతి సరేసరి. పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన పట్టాదారు పేరు కొత్త మిషన్‌లో పిచ్చిగీతలవుతుంది. అందుకే మార్చిన ప్రతి పటాన్నీ గ్రామసభలో పరిచి, పాత కాగితంతో పోల్చి, రైతు సంతకం తీసుకున్నాకే ఖాయం చేయాలి. అంతవరకూ పాత కంప్యూటర్ ఒకదాన్ని అటకెక్కించకుండా ఆఫీసులోనే ఉంచాలి. ఇదేం పెద్ద ఖర్చు కాదు.

ఈలోగా మీ సర్వే నంబర్ ఎఫ్‌ఎంబీ నకలు, తెలంగాణ సోదరులైతే టిప్పన్ నకలు, తీసుకుని పాసుపుస్తకంతోపాటు దాచుకోండి. అంకెలు స్పష్టంగా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. మాది సరిదిద్దిన స్కెచ్ ఇంకా రాలేదు. సోమవారం మళ్లీ రమ్మన్నారు.