కారు ఊగకపోతే జారదని కాదు

అమెరికాలో మన తెలుగు కుర్రాళ్ళకు ఈమధ్య పట్టుకున్న మోజుల్లో స్పోర్ట్స్ కారు ఒకటి. ఐటీ వాళ్ళ సంగతి సరే, నిర్మాణ రంగంలో ఎండనక వాననక పనిచేసే మాబోటి వాళ్ళు కూడా రెండేళ్ళు ఓవర్‌టైం చేసి పాత ముస్టాంగో, మియాటానో, సుబారునో కొంటున్నారు. కొనడం తప్పని మేం అనం. ఇంటికి పంపాల్సింది పంపాక మిగిలిన డబ్బుతో ఎవరేం చేసుకుంటే ఎవరికేం? చిక్కల్లా కొన్న తర్వాతే మొదలవుతోంది. కారును ఉన్నది ఉన్నట్టుగా నడపడం ఎవరికీ ఇష్టం ఉండదు. ముందు సైలెన్సర్ మారుస్తారు. తర్వాత స్ప్రింగులు మార్చి కారును కిందికి దించుతారు. ఆ తర్వాత చేయి పడేది స్వే బార్ మీద. మొదటి రెండింటితో చలానా, నడుం నొప్పి వస్తే రావచ్చు. మూడోది వేరు. తెలిసి బిగిస్తే కారు మాట వింటుంది. తెలియక బిగిస్తే తడి రోడ్డు మీద ఒక్క క్షణంలో వెనక్కి తిరిగి నిలబడుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపు తిరుగుతుంటే బస్సూ మనమూ కలిసి ఒక పక్కకు ఒరుగుతాం కదా. కార్లలో ఆ ఒరుగుడును తగ్గించడానికి ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా అడ్డంగా వేసే ఉక్కు కడ్డీయే స్వే బార్. యాంటీ రోల్ బార్ అన్నా, మన మెకానిక్కులు స్టెబిలైజర్ అన్నా అదే. కడ్డీ మధ్య భాగం బుష్షుల్లో కూర్చుని కారు అడుగున పట్టుకుని ఉంటుంది. రెండు చివరలూ చేతుల్లా వంగి, ఎండ్ లింకులనే చిన్న కడ్డీల ద్వారా చక్రాల వైపు తగులుకుని ఉంటాయి. రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ఈ కడ్డీకి పనే లేదు, బుష్షుల్లో ఊరికే తిరుగుతుంది. ఒక చక్రం లేచి రెండోది దిగినప్పుడే, తడిబట్ట పిండినట్టు, కడ్డీ మెలిపడుతుంది. ఆ మెలికి ఎదురు తిరిగే బలమే కారును నిటారుగా పట్టి ఉంచుతుంది.

పాలిటెక్నిక్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదివిన వాళ్ళకు ఇక్కడొక పాత పాఠం గుర్తుకు రావాలి. గుండ్రటి కడ్డీ మెలికి ఎంత గట్టిగా నిలబడుతుందన్నది దాని వ్యాసం మీద కాదు, వ్యాసం నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. 22 మిల్లీమీటర్ల బార్ తీసి 25 వేస్తే చూడ్డానికి పెరిగింది 3 మిల్లీమీటర్లే. గట్టిదనం మాత్రం సుమారు 67 శాతం పెరుగుతుంది. ‘కొంచెం లావుది వేశాం’ అనే మాట వినగానే మేం ఉలిక్కిపడేది అందుకే. బోలు కడ్డీల లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. బయట 25, లోపల 19 మిల్లీమీటర్లు ఉన్న గొట్టం, అదే లావు నిండు కడ్డీ బరువులో 42 శాతమే తూగుతుంది. గట్టిదనంలో మాత్రం మూడింట రెండొంతులు మిగులుతుంది. పరంజా కట్టడానికి నిండు కడ్డీలు కాకుండా గొట్టాలే ఎందుకు వాడతారో తెలిసిన వాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

కడ్డీ చివర చేతుల్లో రెండు మూడు రంధ్రాలుంటే అది సర్దుకునే రకం. లింకును కడ్డీ వంపుకు దగ్గరున్న రంధ్రంలో బిగిస్తే చేయి పొట్టిదవుతుంది, బార్ గట్టిపడుతుంది. చేయి పదో వంతు తగ్గితే మెలి లెక్కలో గట్టిదనం 23 శాతం దాకా పెరుగుతుంది. ఒక రంధ్రం మార్చడం అంటే ఇంత మార్పు.

ఇప్పుడు అసలు మాట. స్వే బార్ కారుకు పట్టు పెంచదు. ఈ ఒక్క ముక్క అర్థం కాకే చాలామంది పొరపడుతున్నారు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి ఎంత భారం మళ్ళుతుందన్నది కారు బరువు, ఎత్తు, వెడల్పు, వేగం, మలుపు కలిసి తేలుస్తాయి. బార్ దాన్ని తీసేయలేదు. ముందు చక్రాల జత ఎంత మోయాలి, వెనక జత ఎంత మోయాలి అని వాటా వేస్తుంది, అంతే. ఇద్దరు కూలీలు దూలం మోస్తున్నారనుకోండి. దూలం నడిమికి ఎవరు జరిగితే వాళ్ళ భుజం మీద బరువు ఎక్కువ పడుతుంది. దూలం బరువు మాత్రం తగ్గదు. ముందు బార్ గట్టిదైతే ముందు జత ఎక్కువ మోసి ముందుగా అలిసిపోతుంది. స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోతానంటుంది. వెనక బార్ గట్టిదైతే వెనక చక్రాలు ముందుగా జారి, తోక తిరుగుతుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. కిటుకంతా అక్కడే ఉంది.

కార్ల కంపెనీలు మామూలు కార్లను ముందు చక్రాలు ముందుగా జారేలా కావాలనే తయారు చేస్తాయి. భయపడిన మనిషి చేసే మొదటి పని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయడం. ముందు జారుతున్న కారు, కాలు తీస్తే సర్దుకుంటుంది. వెనక జారబోతున్న కారు, కాలు తీస్తే బరువు ముందుకు పోయి వెనక ఇంకా తేలికై, గిర్రున తిరుగుతుంది.

మా సైట్‌లో పనిచేసే కరీంనగర్ కుర్రాడొకడికి జరిగింది ఇదే. పేరు చెప్పం. పాత ముస్టాంగ్ కొన్నాడు. ఒక దుకాణం వాళ్ళు లావాటి వెనక బార్ అంటగట్టి, అన్నిటికంటే గట్టి రంధ్రంలో బిగించి పంపారు. ముందు బార్ పాతదే, టైర్లు అరిగినవే. నెల రోజులు ‘అన్నా, రైలు పట్టాల మీద పోయినట్టుంది’ అని మురిసిపోయాడు. మొదటి వానకు, హైవే దిగే వంపులో, ముందు వాహనం బ్రేకు వేసిందని కాలు తీశాడు. కారు రెండు చుట్లు తిరిగి గోడకు కొట్టుకుంది. ప్రాణం దక్కింది, మణికట్టు విరిగింది. పని లేని ఆరు వారాలు ఊరికి డబ్బు పోలేదు. చెల్లెలి కాలేజీ ఫీజు మేం నలుగురం వేసుకుని కట్టాం.

మేం తప్పు పట్టేది కుర్రాడిని కాదు. ఒరుగుడు కూడా కారు మనతో మాట్లాడే భాషే. కారు ఒరిగిందంటే ‘నీ వేగం ఎక్కువైంది’ అని చెబుతోందన్నమాట. గట్టి బార్ వేసి ఆ నోరు మూస్తే ప్రమాదం పోదు, హెచ్చరిక మాత్రం పోతుంది. ఈ సంగతి అమ్మేవాళ్ళు చెప్పాలి కదా?

ఈ దేశానికి ఈ పాఠం కొత్త కాదు. జనరల్ మోటార్స్ 1960 మోడల్‌గా తెచ్చిన షెవర్లే కార్వేర్ కారుకు ఇంజిన్ వెనక ఉండేది, బరువంతా వెనకే. 1963 మోడల్ దాకా ముందు స్వే బార్ అందరికీ ఇచ్చేవాళ్ళు కాదు. దానికి బదులు ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పౌండ్ల గాలి పెట్టమన్నారు. నాలుగు టైర్లకూ ఒకే గాలి కొట్టే అలవాటున్న జనానికి అది ఎక్కేదా? కార్లు తిరగబడ్డాయని కేసులు పడ్డాయి. 1964 మోడల్‌కు ముందు బార్ తప్పనిసరి భాగమైంది. లెబనాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టిన రాల్ఫ్ నాడర్ 1965లో రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయం ఈ కారు గురించే. మరుసటి ఏడాదే, 1966లో, వాహన భద్రతా చట్టం వచ్చింది. అయితే 1972లో ప్రభుత్వ సంస్థ ఇచ్చిన నివేదిక మాత్రం, ఆ కారు అప్పటి తోటి కార్లకంటే ఎక్కువ ప్రమాదకరం కాదని తేల్చింది. ఎవరిది ఒప్పో ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. మాకు కావాల్సింది అది కాదు. ఒక్క కడ్డీ ఉందా లేదా అన్నదాని మీద ఒక దేశం కోర్టుల దాకా వెళ్ళిందని గుర్తుంచుకుంటే చాలు.

రోడ్లు వేసేవాళ్ళం కాబట్టి ఇంకో మాట. హైవే వంపులకు బయటి అంచు ఎత్తు పెట్టి వేస్తాం, సూపర్ ఎలివేషన్ అంటారు. డాలస్‌లో 2005లో పూర్తయిన అయిదంతస్తుల హై ఫైవ్ కూడలి ఎక్కి చూస్తే ఆ వాలు తెలుస్తుంది. పసుపు పలక మీద వేసే వేగం, టైరు పట్టులో కొంత భాగాన్నే లెక్కేసి పెట్టింది. మిగిలింది వానకు, నూనె మరకకు, అరిగిన టైరుకు దాచిన వాటా. గట్టి బార్ వేసుకున్నవాళ్ళు తినేస్తున్నది ఆ దాచిన వాటానే. పైగా టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు ఏటా చేసే భద్రతా తనిఖీ ఎత్తేశారు. డాలస్ లాంటి జిల్లాల్లో పొగ పరీక్ష మిగిలింది గానీ, కారు కింద ఏం ఊగుతోందో చూసే దిక్కు లేదు. చూసుకోవాల్సింది మనమే. 2012 మోడల్ నుంచి కార్లన్నిటికీ జారుడును అదుపు చేసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ తప్పనిసరి. మనవాళ్ళు చవకగా కొనే పాత స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి అది లేనే లేదు.

మరి బార్ మార్చొద్దా? మార్చండి, కానీ వరస తప్పొద్దు. ముందు మంచి టైర్లు. తర్వాత గాలి, అది దాదాపు ఉచితం. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్. ఇవన్నీ అయ్యాక, ఒకే ఒక్క బార్. 1944లో పుట్టిన ఎస్‌సీసీఏ అనే క్లబ్బు ఇక్కడ మోటారు పోటీలు నడుపుతోంది. వాళ్ళ ఆటోక్రాస్‌లో స్ట్రీట్ తరగతి కార్లకు ముందుదో వెనకదో ఒక్క బార్ మార్చుకోవడానికే అనుమతి. పోటీకి దిగేవాళ్ళకే ఒకటి చాలినప్పుడు పచారీ సామాన్లకు వెళ్ళే కారుకు రెండెందుకు? సివిక్ లాంటి ముందు చక్రాలతో నడిచే కార్లకు వెనక బార్, ముస్టాంగ్, మియాటా లాంటి వెనక చక్రాలతో నడిచేవాటికి ముందు బార్ పెంచడం అక్కడి వాళ్ళ అలవాటు. వెనక బార్ మరీ గట్టిదైతే లోపలి వెనక చక్రం నేల వదిలి గాల్లో తిరుగుతుంది, బలమంతా వృథా.

బిగించేటప్పుడు సైట్ జాగ్రత్తలే. జాక్ ఒక్కదాన్ని నమ్మి కారు కింద దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి. పాలీయురేథేన్ బుష్షులకు వాటికి చెప్పిన గ్రీజే రాయాలి, లేకపోతే కిర్రుకిర్రుమంటాయి. అసలు కిటుకు లింకుల దగ్గరుంది. కారు చదునైన నేల మీద నాలుగు చక్రాలపై నిలబడి, డ్రైవర్ సీట్లో మనిషి కూర్చున్నాక, లింకులు ఏ లాగుడూ లేకుండా రంధ్రంలోకి దిగేలా పొడవు సర్దాలి. గాల్లో ఎత్తిన కారుకు ఎలా కుదిరితే అలా బిగిస్తే బార్ ముందే మెలిపడి, ఎడమ మలుపుకు ఒకలా, కుడి మలుపుకు ఒకలా ప్రవర్తిస్తుంది. అన్నిటికంటే మెత్తని రంధ్రంతో మొదలుపెట్టి, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, రాసుకోవాలి. రెండు కలిపి మారిస్తే ఏది మేలు చేసిందో తేలదు.

డబ్బు సంగతి కూడా చూద్దాం. బార్లు, లింకులు కలిపి 500 డాలర్లు అనుకుంటే, డాలరు 80 రూపాయలు దాటిన రోజుల్లో ఊళ్ళో 40 వేల పైమాటే. మార్పులు చేసినట్టు ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పి కాగితం మీద జవాబు తీసుకోవాలి, క్లెయిమ్ రోజున చెబితే ఎవరూ వినరు. బయటి భాగం వేశారని వారంటీ మొత్తం రద్దని డీలర్ బెదిరిస్తే బెదరొద్దు. ఆ భాగం వల్లే చెడిందని చూపించాల్సింది వాళ్ళే, 1975 నాటి వారంటీ చట్టం అలా చెబుతోంది.

వేసిన బార్ ఎలా ఉందో చూడ్డానికి హైవే వంపు చోటు కాదు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు మీద పందాలు వేసే పిల్లలకు వేరే చోటు లేదనైనా చెప్పుకోవచ్చు, ఇక్కడ ఆ సాకు లేదు. ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టి, ఒక్కో కారును విడిగా వదిలే ఆటోక్రాస్‌కు సుమారు 50 డాలర్లు, ఒక హెల్మెట్ చాలు. జారితే కోన్ పడుతుంది, రెండు సెకన్లు పోతాయి. మన తానా, ఆటా, నాట్స్ వాళ్ళు క్రికెట్, వాలీబాల్ పోటీలు పెడుతున్నారు, సంతోషం. ఏడాదికి ఒక్క ఆదివారం ఇది కూడా పెట్టించి, తడి నేల మీద కారు జారితే ఏం చేయాలో కుర్రాళ్ళకు నేర్పిస్తే బాగుంటుంది. స్థలం, ఇన్సూరెన్స్ వాళ్ళు చూసుకుంటే కోన్ల ఖర్చు అక్కర్లేదు, సైట్ మేనేజర్‌ను అడిగి మేమే తెస్తాం.