పొద్దుగూకే లోపల చేరే చదువు

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే మా గోదావరిఖనిలో తెలుగు లెక్చరరుకు జ్యోతిష్కుడి హోదా వస్తుంది. "పిల్ల ఏం చదివితే బాగుంటది సార్?" అని అడిగేవారు చాలామంది జవాబు జేబులో పెట్టుకునే వస్తారు. దానిమీద నా ముద్ర పడితే చాలు వారికి.

సైకాలజీ అన్న పిల్ల తండ్రికి మాత్రం జవాబు ఉండదు. అదేదో పిచ్చివాళ్ళ చదువని ఆయన అనుమానం. బొగ్గుబాయిలో పని చేసే ఒకాయన నాతో ఆ మాటే అంటే, 1951లో ట్రిస్ట్, బామ్‌ఫోర్త్ అనే ఇద్దరు ఇంగ్లండు గనులమీద రాసిన పరిశోధన సంగతి చెప్పాను. లాంగ్‌వాల్ పద్ధతి వచ్చాక, కలిసి పనిచేసే చిన్న జట్లు చెదిరి, పని మూడు షిఫ్టులకు ముక్కలైంది. ఒక షిఫ్టువారు మరో షిఫ్టువారిని తిట్టుకోవడం, నాగాలు పెట్టడం ఎందుకు పెరిగాయో వారు అందులో విడమరిచారు. బామ్‌ఫోర్త్ స్వయంగా ఒకప్పుడు గని కార్మికుడు సుమండీ! మన అడ్రియాలలోనూ లాంగ్‌వాల్ యంత్రాలు దిగాయి కదా. "ఇది మా ముచ్చటే" అన్నాడాయన.

తండ్రి ఒప్పుకున్నా తల్లి షరతు వేరే ఉంటుంది: ఏదైనా చదవనీ, పొద్దుగూకే సరికి ఇల్లు చేరాలె. మొన్నమొన్నటిదాకా దీనికి "దూరవిద్య ఉందిగా" అనేవాళ్ళం. 2025 జూలై - ఆగస్టు విడత నుంచి దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ సైకాలజీలో కొత్త ప్రవేశాలు వద్దని యూజీసీ చెప్పేసింది. ఆరోగ్య అనుబంధ వృత్తులకు 2021లో వచ్చిన చట్టం దీనికి ఆధారం. ప్రయోగాలు చేయకుండా మనసును పరీక్షించే పట్టా ఏమిటన్నది సబబైన ప్రశ్నే. కానీ ఆ భారం హైదరాబాదు పిల్లలకన్నా మన పిల్లలమీద ఎక్కువ పడింది.

కనుక చేరువ కాలేజీ వెతకాలి. బి.ఏ. ఉన్న ప్రతిచోటా సైకాలజీ ఉండదు. 'దోస్త్'లో ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరుతో ఆగకుండా, దాని కింద ఇచ్చిన మూడు సబ్జెక్టుల కలయిక చదవండి. మన ప్రాంతం 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం పరిధిలోది. ఊళ్ళో దొరక్కపోతే తర్వాతి ఆశ కరీంనగరం. పోనూ రానూ రోజుకు నూటముప్పై కిలోమీటర్ల చిల్లర. హైదరాబాదయితే హాస్టలు తప్పదు.

ఇంకో మాట తండ్రులకు ముందే చెప్పడం మంచిది. బి.ఏ.తో ఎవరూ మానసిక వైద్యులు కారు. సైకియాట్రిస్టు ఎం.బి.బి.ఎస్. మీద పై చదువు చదివిన డాక్టరు. క్లినికల్ సైకాలజిస్టుకు పై చదువు, శిక్షణ, రీహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు కావాలి. మూడేళ్ళ డిగ్రీ మొదటి మెట్టు మాత్రమే. రెండో మెట్టుకు ఉస్మానియా వంటి చోటికి ఎలాగూ ఇల్లు వదిలి వెళ్ళవలసి రావచ్చు.

చేర్చే ముందు పిల్లను వెంటబెట్టుకుని ఒకసారి కాలేజీకి వెళ్ళండి. భవనం రంగు నాకు అనవసరం. సైకాలజీ చెప్పేది ఆ సబ్జెక్టు చదివినవారేనా, ప్రయోగాల గదికి తాళం వేసి ఉందా, పోయినేడు ఎందరు చేరారు అని అడగండి. నలుగురే చేరితే ఆ కలయిక నడుపుతారా లేదా అన్నదీ తేల్చుకోండి. ప్రాక్టికల్స్ రోజున ఎన్నింటికి వదులుతారో కనుక్కుంటే, ఆ వేళకు బస్సుందో లేదో డిపోలో చెబుతారు.