వేలిముద్ర చాలదు, మాట కూడా కావాలె

వానకాలం రాగానే పత్రికల్లో ఏటా ఒకటే వార్త: ఏజెన్సీ మంచం పట్టింది. వెంటనే వినపడే సంజాయిషీ కూడా ఒకటే. ఆదివాసీలకు అవగాహన లేదు, దవాఖానకు ఆలస్యంగా వస్తారు, మందులు సగంలో ఆపేస్తారు అని. తప్పంతా రోగి మీదికి తోసేసే ఈ మాటను ఇంకెన్నాళ్లు తలవంచుకొని వినాలె? దవాఖానకు వచ్చిన ఆదివాసీని అక్కడ ఏమడిగారు, అతనికి ఏం చెప్పారు అన్న లెక్క ఎవరు తీస్తున్నారు? రోగి మాట వినని దవాఖాన ఎన్ని అంతస్తులు కట్టినా రోగికి భద్రమైన చోటు కాదు.

మలేరియానే తీసుకుందాం. వైవాక్స్ రకం మలేరియా మళ్లీ తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ గోలీలు 14 రోజులు ఇస్తారు. మంచి మందే. కానీ జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువ ఉన్నవారిలో అది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం నల్లబడుతుంది, కళ్లు పచ్చబడతాయి, ఆయాసం వస్తుంది. అప్పుడు గోలీలు ఆపి వెంటనే దవాఖానకు రావాలె. మరి ఆ మూత్రం రంగు చూసేదెవరు? డాక్టరు చూడడు, నర్సు చూడదు. గూడెంలో ఉన్న రోగి ఒక్కడే చూస్తాడు. అంటే ఆ 14 రోజులు కాపలా కాసేది రోగే. ఏం చూడాలో అతనికి గోండిలోనో కొలామిలోనో చెప్పకుండా, తెలుగులో రెండు ముక్కలు చెప్పి పంపితే ఆ మందే ముప్పవుతుంది. ఆ తర్వాత రిజిస్టరులో ‘మందులు సగంలో ఆపేశాడు’ అని రాసుకుంటే, ఆ అవగాహన లోపం ఎవరిది?

సికిల్‌సెల్ ఉన్న బిడ్డకు నొప్పి ఎట్లా మొదలవుతుందో, ఎంతలో ముదురుతుందో తల్లికి తెలిసినంతగా ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు తెలియదు. ఆమె ‘ఇది మామూలు నొప్పి కాదు’ అంటే విని రాసుకోవాలె. ఆమెను పక్కకు నెట్టేసే దవాఖాన తన కన్ను తానే పొడుచుకుంటున్నది.

ఇది మన గూడేలలోనే పుట్టిన గొడవ కాదు. పేద, మధ్యాదాయ దేశాల దవాఖానలలో భద్రతలేని వైద్యం వల్ల ఏటా 26 లక్షల మంది చనిపోతున్నారని 2018లో వెలువడిన అంచనా. సెప్టెంబరు 17ను ప్రపంచ రోగి భద్రతా దినంగా పాటిస్తున్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోజుకు పెట్టిన అంశమే రోగుల భాగస్వామ్యం. జెనీవాలో అర్థమైన సంగతి ఉట్నూరులో, ఆసిఫాబాద్‌లో ఎందుకు అమలుకు రాదు?

అడగకపోతే ఏమవుతుందో గోదావరి దిగువన భద్రాచలం వైపు చూస్తే తెలుస్తుంది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనమది. అందులో చాలామంది హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు. విమర్శలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక చూడండి: 9,543 అంగీకార పత్రాల్లో 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 పత్రాల మీద వేలిముద్రలు. సూది తర్వాత పిల్లకు ఏమైనా అయితే కనిపెట్టే ఏర్పాటు సరిగా లేదని కూడా ఆ సంఘం తప్పుపట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది, దాని మీద నాకు పగ లేదు. నా పగ అడగకుండా తీసుకున్న అంగీకారం మీద. తల్లి పొలంలో ఉంది, తండ్రి అడవిలో ఉన్నాడు, సంతకం మాత్రం వార్డెన్‌ది!

అడవి బిడ్డలకే ఇట్లా జరుగుతుందనుకోకండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కరీంనగర్ జిల్లాలో అది 80 శాతం దాటింది. జనాభా మొత్తంలో 10 శాతం దాటిన సిజేరియన్లతో తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనబడలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అవసరమైన కోత ప్రాణం నిలుపుతుంది, నిజమే. కానీ ఇన్ని కోతలలో ఎంతమంది ఆడవాళ్లకు ఎందుకు కోస్తున్నారో వివరంగా చెప్పారు? ఏజెన్సీలో వైద్యం అందక ముప్పు, పట్నంలో వైద్యం ఎక్కువై ముప్పు. రెండు చోట్లా ఆడమనిషి మాటకు విలువ లేదు.

డాక్టర్లే చాలరు, ఒక్కొక్కరితో మాట్లాడుతూ కూర్చునే తీరిక ఎక్కడిది అంటారు. ఖాళీలు నింపమని మనమూ కొట్లాడుతున్నాం. కానీ తీరిక లేని డాక్టరుకే రోగి సాయం ఎక్కువ అవసరం. ఇంకొందరు, రోగులకు నోరిస్తే దవాఖానల మీద దాడులు పెరుగుతాయంటారు. తలుపు తట్టినా ఎవరూ పలకనప్పుడే కోపం రాయి పట్టుకుంటుంది. డాక్టరును కొట్టడం మన దారి కాదు, అడగడం మన దారి.

మనం అడిగేవి కొత్త కోరికలు కావు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం తన జబ్బు గురించి తనకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు, రికార్డులు పొందే హక్కు, ఫిర్యాదు చేసే హక్కు రోగికి ఉన్నాయని చెప్పింది. కాన్పులో తల్లి చనిపోతే కలెక్టరు జరిపే సమీక్షకు ఆమె బంధువులను పిలవాలని మార్గదర్శకాలు ఉన్నాయి. 1996 నాటి పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, సిబ్బంది మీద అదుపు గ్రామసభకూ తగిన స్థాయి పంచాయతీలకూ ఉండాలన్నది. దవాఖాన ఆ సంస్థల్లోకి రాదా?

అందుకే అడుగుదాం. ఏజెన్సీలోని ప్రతి దవాఖానలో గోండి, కొలామి మాట్లాడే మనిషిని జీతమిచ్చి పెట్టాలె. ఆసుపత్రి అభివృద్ధి కమిటీలో నాయకుల పేర్లే కాదు, అక్కడ వైద్యం పొందిన ఆడవాళ్లు, కొలాం గూడేల వాళ్లు ఉండాలె. రోగి చెప్పిన ప్రతి పొరపాటును రాసుకొని, ఏం సరిచేశారో గ్రామసభలో చదివి వినిపించాలె.

చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, రాయిసెంటర్ కూర్చున్నప్పుడు భూమి తగాదాలతో పాటు దవాఖాన అనుభవాలు కూడా చెప్పించండి, తేదీతో సహా రాయండి. పది గూడేల మాట ఒక్క కాగితం మీదికి వస్తే దాన్ని పక్కన పడేయడం కష్టం. ఉపాధ్యాయ మిత్రులారా, ఆశ్రమ పాఠశాలకు సూదో గోలీయో వచ్చిన రోజు ముందు తల్లిదండ్రులను పిలవండి, వాళ్ల భాషలో చెప్పించండి. వాళ్లు సరే అన్నాక పిల్లలకు వేయించండి. వాళ్ల బదులు మీరు మాత్రం సంతకం పెట్టకండి.