పేరు ఊరికి, లాభం సంస్థకు.. చేసిన చేతికి దక్కేదేమిటి?

ఇటలీకి చెందిన విలాస వస్తువుల సంస్థ ప్రాడా 2025 జూన్‌లో మిలాన్ నగరంలో పురుషుల దుస్తుల ప్రదర్శన నిర్వహించింది. మోడళ్ల కాళ్లకున్న తోలు చెప్పులను మహారాష్ట్ర వాసులకు ఎవరూ పరిచయం చేయనక్కర లేకపోయింది. బొటనవేలికి తోలు ఉంగరం, పైన అల్లిక పట్టీ, కింద పల్చని అట్ట. అవి కొల్హాపురీ చెప్పులు. ప్రాడా మాత్రం వాటిని కేవలం తోలు చెప్పులుగానే పేర్కొంది. నిరసనలు వెల్లువెత్తిన తరువాతనే, భారతీయ సంప్రదాయ పాదరక్షల నుంచి స్ఫూర్తి పొందామని మహారాష్ట్ర వాణిజ్య మండలికి రాసిన లేఖలో అంగీకరించింది. అదే ఏడాది డిసెంబరులో రెండు రాష్ట్రాల చర్మ పరిశ్రమ అభివృద్ధి సంస్థలతో ఒప్పందం కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటకలలో 2,000 జతలు తయారు చేయించి, జత సుమారు 930 డాలర్లకు, అంటే 80 వేల రూపాయలకు పైబడిన ధరకు విక్రయిస్తామని ప్రాడా ప్రకటించింది. కొల్హాపూర్ బజారులో ఆ తరహా చెప్పులు కొన్ని వందల రూపాయల నుంచి వెయ్యి, రెండు వేల వరకు దొరుకుతాయి.

వివాదం సుఖాంతమైనట్లు కనిపిస్తోంది. అయితే ఆరు నెలల పాటు దేశమంతా చర్చించినది 'దొంగతనం' గురించి. అసలు తేలవలసినది వాటా గురించి. ఆ రెండో ప్రశ్న చెప్పులు కుట్టేవారిది మాత్రమే కాదు. చిత్రకారులు, నేతపనివారు, వంటవారు, రచయితలు అందరిదీ.

కొల్హాపురీ చెప్పులకు 2019లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ లభించింది. మహారాష్ట్రలోని కొల్హాపూర్, సాంగ్లీ, సాతారా, సోలాపూర్. కర్ణాటకలోని బెళగావి, ధార్వాడ, బాగల్‌కోట్, విజయపుర జిల్లాలకు ఆ పేరుపై హక్కు ఉంది. హక్కు ఉన్నా ప్రాడాపై కేసు ఎందుకు నిలబడలేదు? కారణం చట్టంలోనే ఉంది. 2003 నుంచి అమలులో ఉన్న జీఐ చట్టం రక్షించేది పేరును. ఆకృతిని కాదు, పనితనాన్ని కాదు. 'కొల్హాపురీ' అనే మాట వాడకుండా ఎవరైనా అలాంటి చెప్పు కుట్టుకుంటే జీఐ చట్టం సాధారణంగా అడ్డుపడదు. పైగా ఆ రక్షణ మన దేశ సరిహద్దులకే పరిమితం. ఐరోపా సంఘంతో జీఐలపై ప్రత్యేక ఒప్పందానికి చర్చలు 2022లో గానీ మొదలు కాలేదు. ఈ వివాదంపై దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని బొంబాయి హైకోర్టు 2025 జులైలో తోసిపుచ్చింది. పిటిషనర్లు బాధితులు కారని, హక్కు నమోదై ఉన్నవారే ముందుకు రావాలని న్యాయస్థానం భావించింది.

నమోదై ఉన్నవారు ఎవరు? రెండు ప్రభుత్వ సంస్థలు. తుమ్మ బెరడు, కరక్కాయలతో తోలు ఊనిన కుటుంబాలు, పట్టీలు అల్లిన మహిళలు కారు. చట్టంలో వీరికీ ఒక ద్వారం ఉంది. 'అధీకృత వినియోగదారు'గా పేరు నమోదు చేసుకున్న ప్రతి తయారీదారుకూ ఆ పేరు వాడే హక్కు, ఉల్లంఘనపై కోర్టుకు వెళ్లే అధికారం లభిస్తాయి. జీఐ ధ్రువపత్రం అందుకునే రోజున మంత్రులు, అధికారులు ఫొటోలు దిగుతారు. ఆ తరువాత ఎందరు కళాకారులు అధీకృత వినియోగదారులుగా నమోదయ్యారని అడిగేవారు అరుదు.

తెలుగు నేలకు ఈ అనుభవం కొత్తది కాదు. పోచంపల్లి ఇక్కత్ దేశంలో జీఐ పొందిన తొలి చేనేత ఉత్పత్తులలో ఒకటి. నూలును ముందే కట్లు కట్టి, రంగులద్ది, ఆ రంగులు మగ్గం మీద కలిసేలా నేయడం రోజుల తరబడి సాగే పని. ఆ నమూనానే మిల్లు గుడ్డపై అచ్చువేసి అమ్మే దుకాణాలు ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీ పేరుతో స్క్రీన్ ప్రింటు చీరలు అమ్ముడవుతున్న సంగతి చీర కొనేవారికీ తెలిసినదే. 'కలం' పట్టని కలంకారీ అది. అమ్మేవారు 'కలంకారీ ప్రింట్' అనడంతో సరిపెడతారు. ఒక్క మాట చేర్చి చట్టాన్ని దాటేయవచ్చునన్న ధీమా అందులో ఉంది.

డిజైన్ రూపకర్తల పరిస్థితి మరింత విచిత్రం. కాపీరైట్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హమైన ఆకృతిని నమోదు చేయించకుండా పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువుగా ఉత్పత్తి చేస్తే, ఆ ఆకృతిపై కాపీరైట్ ముగిసిపోతుంది. నమోదు చేయిద్దామంటే అది కొత్తదై ఉండాలి. తాతల నాటి నమూనా కొత్తదెలా అవుతుంది? నమోదైన కొత్త ఆకృతికైనా రక్షణ గరిష్ఠంగా 15 సంవత్సరాలే. అదే రచనకు రచయిత మరణించిన 60 సంవత్సరాల వరకు ఉంటుంది. కాగితం మీద రాసినదానికీ గుడ్డ మీద గీసినదానికీ చట్టం చూపుతున్న ఈ తేడాను సమర్థించడం కష్టం.

ఆహారం సంగతి చెప్పనే అక్కరలేదు. వంట విధానంపై కాపీరైట్ దాదాపు లేదు. బటర్ చికెన్‌ను తొలిసారి ఎవరు వండారన్న వివాదం 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టుకు చేరింది. ఇరు పక్షాల మూలపురుషుల పేర్లూ కుందన్‌లాలే. ఒకరు గుజ్రాల్, మరొకరు జగ్గీ. ఒకనాడు కలిసి హోటల్ నడిపినవారే. ఆ వ్యాజ్యంలో కూడా కోరేది వంటకంపై హక్కు కాదు, 'మేమే కనిపెట్టాం' అని చెప్పుకొనే హక్కు. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ వచ్చింది. బోర్లించిన కుండను వేడి చేసి, పల్చని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దానిపై పరిచి, క్షణంలో రేకు తీసే నైపుణ్యం ఆ ఊరి మహిళలది. నేతి పూతరేకుల పెట్టె ధర పెరిగినప్పుడు రేకు తీసే కూలి అదే నిష్పత్తిలో పెరగాలని ఏ ధ్రువపత్రంలోనూ ఉండదు. తిరుపతి లడ్డూ విషయంలో చిక్కు రాకపోవడానికి కారణం, హక్కుదారూ తయారీదారూ ఒక్కరే కావడం. అలాంటి వెసులుబాటు అన్ని వస్తువులకూ సాధ్యం కాదు.

చిత్రకళలో వాటా అనే భావన చట్టానికి ఎక్కింది, ఆచరణకు ఎక్కలేదు. చిత్రకారుడి మూలకృతి పది వేల రూపాయలకు మించి తిరిగి అమ్ముడైతే అతనికి గరిష్ఠంగా పది శాతం వరకు వాటా ఇవ్వాలని 53ఏ సెక్షన్ చెబుతోంది. 2025 మార్చిలో ఎం.ఎఫ్. హుసేన్ 1954 నాటి చిత్రం న్యూయార్క్ వేలంలో సుమారు 118 కోట్ల రూపాయలు పలికింది. విదేశీ వేలానికి మన చట్టం వర్తించదనుకున్నా, స్వదేశీ వేలాలలోనైనా ఈ సెక్షన్ ఎంతవరకు అమలవుతోందో కళాకారుల సంఘాలు నిలదీయవలసి ఉంది.

ఇక రచయితలు. కృత్రిమ మేధ సంస్థలు పుస్తకాలను, వార్తలను అనుమతి లేకుండా శిక్షణకు వాడుకుంటున్నాయన్న ఫిర్యాదులు ఢిల్లీ హైకోర్టులో విచారణకు వచ్చాయి. కేంద్ర పరిశ్రమలు, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం 2025 డిసెంబరులో ఒక చర్చాపత్రాన్ని విడుదల చేసింది. అందుబాటులో ఉన్న రచనలన్నిటినీ కృత్రిమ మేధ సంస్థలు వాడుకోవచ్చు, రచయిత వద్దనలేడు, కానీ రాబడిలో కొంత రాయల్టీగా ఒక కేంద్ర సంస్థకు చెల్లించాలి అనేది దాని సారాంశం. నిరాకరించే హక్కును తీసుకుని దానికి బదులుగా వాటా ఇస్తామంటున్నారు. ఈ బేరం న్యాయమైనదా అన్నది ఒక చర్చ. పంపిణీ జాబితాలో ఎవరి పేర్లుంటాయన్నది అంతకంటే పెద్ద చిక్కు. తెలుగులో వేలాది కథలు లిఖిత ఒప్పందం లేకుండానే అచ్చయ్యాయి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుందని, గడువు రాయకపోతే ఐదేళ్లకే పరిమితమని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ లెక్కన, పత్రికల ఉద్యోగులు రాసినవి పక్కనపెడితే, 'సర్వహక్కులూ ప్రచురణకర్తవే' అని అచ్చయిన ఎన్నో పుస్తకాలపై హక్కు నిజానికి రచయితలదో వారి వారసులదో. అది వారిలో చాలామందికి తెలియదు.

వాటాను ప్రభుత్వాలు తలచుకుంటే రాయించగలవనడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో పట్టుబట్టిన 2012 నాటి కాపీరైట్ సవరణ, థియేటర్లలో సినిమా ప్రదర్శన మినహా పాటకు వచ్చే ఇతర ఆదాయంలో గేయ రచయితకు, సంగీత దర్శకుడికి సమాన వాటా ఇచ్చింది. ఆ వాటాను నిర్మాతకు రాసిచ్చినా చెల్లదు. వారసులకో కాపీరైట్ సొసైటీకో మాత్రమే బదిలీ చేయవచ్చు. అవసరంలో ఉన్న కళాకారుడు ఏ కాగితం మీదనైనా సంతకం పెడతాడని చట్టం గుర్తించింది. సవరణ వచ్చాక కూడా వసూళ్ల వ్యవస్థ గాడిన పడడానికి ఏళ్లు పట్టింది. అయినా పునాది గట్టిది.

ఆ సూత్రాన్ని తోలుపనికి, నేతకు, కలంకారీకి వర్తింపజేయడం అసాధ్యమేమీ కాదు. జీఐ హక్కుదారు సంస్థ ఏ పెద్ద వ్యాపారితో ఒప్పందం కుదుర్చుకున్నా, అమ్మకపు ధరలో నిర్ణీత శాతం అధీకృత వినియోగదారులకు చేరాలన్న నిబంధనను నియమావళిలో చేర్చవచ్చు. ప్రాడా ఒప్పందంలో కళాకారులకు శిక్షణ కూడా ఉంటుందని చెప్పారు. ఆ 2,000 జతలపై ఒక్కో జతకు కుట్టినవారికి ఎంత ముట్టిందో ఆ రెండు ప్రభుత్వ సంస్థలు బహిరంగంగా ప్రకటించాలి. జీఐ ఉన్న ఇతర ఊళ్లవారు రేపు బేరానికి కూర్చున్నప్పుడు వారి చేతిలో ఉండవలసిన మొదటి అంకె అదే.