పసుపు, సున్నం, అర నిమ్మచెక్క

మొన్న ఆదివారం ఇంటిల్లిపాదీ పెళ్లికెళ్లారు. జలుబు చేసిందని అక్క పిల్లలిద్దర్నీ నాకు అప్పగించారు. పెద్దదానికి ఏడేళ్లు, బుడ్డోడికి నాలుగు. ఫోన్ ఇవ్వొద్దని అక్క ఆర్డరు. తొమ్మిదింటికే "పిన్నీ, బోర్ కొడుతోంది" మొదలైంది. ఇంజినీరింగ్ చదివాం కదా, వంటింట్లో సైన్స్ చూపిద్దాం అనుకున్నా. (కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నా రీడింగులన్నీ పక్క బ్యాచ్ వాళ్ల రికార్డులోవే. ఆ సంగతి పిల్లలకి చెప్పలేదు లెండి.)

ముందు వంటసోడా మీద నిమ్మరసం. బుస్సున పొంగింది. ఆ బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్, గోలీసోడాలో ఉండేదే అని చెప్పబోయా. ఎవరు వింటారు? "ఇంకోసారి!" అంటూ ఏడుసార్లు చేయించారు. గట్టు మీంచి నురగ కిందకి, అక్కణ్ణుంచి బుడ్డోడి కాళ్లతో హాల్లోకి.

తర్వాత పసుపు నీళ్లు మూడు గ్లాసుల్లో పోశా. ఒకదాంట్లో నిమ్మరసం వేస్తే ఏమీ మారలేదు. రెండోదాంట్లో సబ్బు నీళ్లు పోస్తే ఎర్రబడింది. మూడోదాంట్లో నాయనమ్మ తమలపాకుల డబ్బాలోంచి చిటికెడు సున్నం వేశా. చిక్కటి ఎరుపు! "దిష్టి నీళ్లు!" అని అరిచింది పెద్దది. అవును, అవే. పసుపులో కర్కుమిన్ అనే రంగు ఉంటుంది. క్షారం తగిలితే అది ఎర్రబడుతుంది, ఆమ్లం పోస్తే మళ్లీ పసుపవుతుంది. పప్పు ఒలికిన చొక్కాకి సబ్బు రుద్దితే మరక ఎర్రగా కనిపించేదీ అందుకే. ఎర్ర గ్లాసులో నిమ్మకాయ పిండి చూపించా. రంగు వెనక్కొచ్చేసింది. దాని నోరు అలా తెరుచుకుని ఉండిపోయింది. ఆఫీసులో నా ఏ డెమోకీ ఎవరూ అలా చూడలేదు.

నేను దాని మొహం చూసి మురిసిపోతున్నా. బుడ్డోడు సున్నం డబ్బాలో వేలు పెట్టాడు. అదే వేలితో కన్ను నలుపుకున్నాడు.

ఆ కేక ఇంకా నా చెవుల్లో ఉంది. వాణ్ణి ఎత్తి కుళాయి కింద పెట్టేసరికి పెద్దది అర నిమ్మచెక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "పిన్నీ, కంట్లో పిండు! సున్నం పోతుంది!"

ఒక్క క్షణం నాకూ అది కరెక్టే అనిపించింది. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

తప్పు. నిమ్మరసం కూడా కంటిని కాలుస్తుంది, పైగా కడగాల్సిన టైమ్ పోతుంది. సున్నం లాంటి క్షారం క్షణక్షణానికీ కంట్లో లోపలికి దిగుతుంది. చేయాల్సింది ఒక్కటే: రెప్ప తెరిచి పట్టి, ధారగా మంచినీళ్లతో ఆపకుండా కడగడం, వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పరిగెత్తడం. వాడు తన్నాడు, కొరికాడు. నాయనమ్మ కాళ్లు పట్టుకుంటే ఇరవై నిమిషాలు కడిగా. తర్వాత ముగ్గురం ఆటోలో.

డాక్టరమ్మ పై రెప్ప తిప్పి సున్నం పలుకులేమైనా మిగిలాయా అని చూసింది. కింది రెప్పలో సన్నటి కాగితం ముక్క పెట్టి తీసింది. దాని రంగు చూసి, "బాగానే కడిగారు, క్షారం మిగల్లేదు" అంది. చుక్కలమందు రాసింది. అప్పుడు గానీ నా కాళ్లు వణుకుతున్నాయని నాకు తెలియలేదు.

పెద్దదాని కళ్లు మాత్రం ఆ కాగితం మీదే. "పిన్నీ, దానికీ పసుపే పూశారా?"

పసుపు కాదు గానీ, పని అదే అని డాక్టరమ్మే చెప్పింది. వాడని ముక్క ఒకటి చేతిలో పెట్టింది కూడా.

సాయంత్రం అక్కకి మొత్తం చెప్పేశా. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, పెద్దది నోట్‌బుక్ కాగితాలన్నిటికీ పసుపు పూసి బాల్కనీలో ఆరేసిందని తిట్టింది. సున్నం డబ్బా ఇప్పుడు అటక మీద ఉంది. ఆకు వేసుకోవాలంటే నాయనమ్మ నన్ను పిలవాలి. మీటింగ్‌లో ఉన్నా సరే, రోజుకి ఆరుసార్లు పిలుస్తోంది.