ముందు ప్లేటు పెడితే మీ కారు పరువేం పోదు

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో గానీ, బే ఏరియాలో ఫ్రీమాంట్‌లో గానీ, ఏ శనివారం సాయంత్రమో మనవాళ్ళు ఎక్కువగా వచ్చే గుడి పార్కింగ్‌లో ఒక రౌండు కొట్టి రండి. టెస్లాలు, లెక్సస్‌లు, బీఎండబ్ల్యూలు కడిగిన ముత్యాల్లా వరసగా నిలబడి ఉంటాయి. వెనక నుంచి చూస్తే అన్నిటికీ నంబర్ ప్లేట్లు ఉంటాయి. ముందుకొచ్చి చూస్తే మాత్రం కొన్నిటిది బోసి మొహమే. ప్లేటేది బాబూ అంటే "ట్రంకులో ఉంది" అంటారు. రాష్ట్రం రెండు ప్లేట్లు ఇస్తే ఒకటి బిగించి, రెండోది పెళ్ళి శుభలేఖలాగా దాచుకున్నారన్నమాట.

"నీకింక వేరే పనేం లేదా, దీని మీద కూడా రాస్తావా?" అంటారేమో. ప్లేటు సంగతి చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ ప్లేటు ఎందుకు పెట్టలేదో చెప్పేటప్పుడు మనవాళ్ళు తీసే వాదనలున్నాయి చూశారూ, నాకు ఒళ్ళు మండేది వాటితోనే. రోజంతా కోడ్ రివ్యూల్లో పక్కవాడి లాజిక్‌లో కన్నాలు వెతికేవాళ్ళు, సొంత బంపర్ దగ్గరికొచ్చేసరికి ఎంత కన్నాల వాదన చేస్తారో!

ముందు చట్టం ఏమంటుందో రెండు ముక్కల్లో చూద్దాం. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ సెక్షన్ 5200 ప్రకారం, బండికి రెండు ప్లేట్లు ఇస్తే ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టాలి. ఇందులో "వీలైతే" అనే మాట లేదు. టెక్సాస్, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్, వాషింగ్టన్, వర్జీనియా... మనవాళ్ళు గుంపులుగా ఉండే చాలా రాష్ట్రాల్లో ఇదే రూలు. జార్జియా, నార్త్ కరోలినా, ఫ్లోరిడా, మిషిగన్, అరిజోనా, పెన్సిల్వేనియా లాంటి ఇరవైకి పైగా రాష్ట్రాల్లో వెనక ఒక్కటి చాలు. నెవాడాది మధ్యస్థపు రూలు, కంపెనీ వాడు ముందు బ్రాకెట్టుకి ఏర్పాటు చేసి ఉంటేనే పెట్టాలి. మీరు అట్లాంటాలోనో షార్లట్‌లోనో ఉంటే ఈ గోల మీకు లేదు, హాయిగా కాఫీ తాగుతూ చదవండి.

ఇక వాదనలు ఒక్కొక్కటే.

మొదటిది: "కారు అందం పోతుంది, బంపర్‌కి కన్నాలు పెట్టాలి."

అందం సంగతి నేను చెప్పలేను గానీ, బీఎండబ్ల్యూ, పోర్షా పుట్టిన జర్మనీలో ప్రతి కారుకీ ముందూ వెనకా ప్లేట్లుంటాయి. అదీ మన ప్లేటు కంటే బాగా పొడుగుది. ఆ కారు గీసిన డిజైనరే దానికి ప్లేటు పెట్టుకుని ఆటోబాన్ మీద తిరుగుతుంటే, ఆరేళ్ళ లోను మీద కొన్న మనకి అందం చెడిపోతోందట! కన్నాల మాటకొస్తే, టెస్లా మోడల్ 3 కి ముందు బ్రాకెట్టు అంటించుకునే రకంగానే ఇస్తారు, డ్రిల్ అక్కర్లేదు. మిగతా చాలా కార్లకి బంపర్‌లో టో హుక్ బిగించే చోటు ఉంటుంది, దానికి తగిలించే మౌంట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లీజు కారు తిరిగిచ్చేటప్పుడు విప్పేస్తే ఆనవాలు కూడా మిగలదు. ఆరు నెలలు రివ్యూలు చదివి, నాలుగు స్ప్రెడ్‌షీట్లు పెట్టి కారు కొన్నవాడికి ఈ సంగతి మాత్రం తెలియలేదంటే నమ్మమంటారా?

ఇంకొందరు ఉన్నారు, ప్లేటుని డాష్‌బోర్డ్ మీద అద్దం వెనక ఆనించి పెడతారు. టెక్సాస్‌లో అది చెల్లదు. ప్లేటు కారు బయట, ముందు భాగాన అడ్డంగా బిగించి ఉండాలని నిబంధన. పైగా ఎండకి అద్దంలో ఆ ప్లేటు నీడ కనిపిస్తూ ఉంటే రోడ్డేం కనిపిస్తుంది?

రెండోది: "ఎవడూ పట్టుకోడు. పట్టుకున్నా పాతిక డాలర్లు."

కాలిఫోర్నియాలో మామూలుగా ఇది ఫిక్స్-ఇట్ టికెట్టే. ప్లేటు బిగించి, సరిచేసినట్టు సంతకం పెట్టించుకుని, 25 డాలర్లు కడితే కేసు కొట్టేస్తారు. టెక్సాస్‌లో 200 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. మధ్యలో అక్కడో తమాషా జరిగింది. 2011లో చట్టాన్ని తిరగరాసేటప్పుడు ముందు ప్లేటు లేకపోతే వేసే శిక్ష కాస్తా ఎగిరిపోయింది. రూలు ఉంది, శిక్ష లేదు! 2013లో మళ్ళీ పెట్టారు. ఆ పాత కథ పట్టుకుని "టెక్సాస్‌లో ఫైన్ లేదు మామా" అని ఇప్పటికీ సలహాలిచ్చే సీనియర్లు ఉన్నారు. పన్నెండేళ్ళ పైబడిన డాక్యుమెంటేషన్ చూసి ప్రొడక్షన్‌లో మార్పులు చేస్తారా గురువు గారూ?

అయినా అసలు ఖర్చు ఆ పాతిక డాలర్లు కాదు. బండి ఆపడానికి పోలీసుకి ఒక కారణం మీరే చేతికిస్తున్నారు, అదీ ఖర్చు. 1996లో రెన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు ఏకగ్రీవంగా చెప్పిన మాట ఇది: ట్రాఫిక్ ఉల్లంఘన నిజంగా జరిగితే చాలు, పోలీసు మనసులో అసలు ఉద్దేశం ఇంకేదైనా సరే, ఆపడం చెల్లుతుంది. ముందు ప్లేటు లేకపోవడం అలాంటి ఉల్లంఘనే. దానికి సాక్ష్యం వెతకక్కర్లేదు, ఎదురు లేన్‌లో వచ్చే పోలీసుకి వంద అడుగుల నుంచి కనబడుతుంది. ఇలాంటి చిన్న కారణాలు చూపించి బండ్లాపడం ఎక్కువైందనే శాన్‌ఫ్రాన్సిస్కో పోలీస్ కమిషన్ 2023లో దాన్ని తగ్గించే విధానం తెచ్చింది. అది ఒక ఊరి విధానం. మీరు నడిపేది ఊళ్ళన్నిట్లోనూ.

ఆపితే ఏమవుతుంది? నూటికి తొంభై సార్లు ఏమీ కాదు. కానీ వీసా మీద ఉన్నవాడికి మిగతా పది సార్ల లెక్క వేరు. పార్టీలో రెండు బీర్లు తాగి "నేను బాగానే ఉన్నాను" అనుకుంటూ ఇంటికెళ్ళే వాణ్ణి ప్లేటు కోసం ఆపితే అది ప్లేటుతో ఆగదు. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే విధానం 2015 నుంచి ఉంది. (తాగి నడపడం తప్పు కాదని నేననడం లేదు. తాగినవాడు బండే ఎక్కకూడదు.) 2025 వసంతంలో ఏం జరిగిందో గుర్తుందిగా? వేల మంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఉన్నట్టుండి రద్దయ్యాయి. వాళ్ళలో కొందరి మీద ఉన్నవి చిన్నా చితకా ట్రాఫిక్ కేసులే, అందులో కొట్టేసినవీ ఉన్నాయి. కోర్టుల దాకా వెళ్ళాక ఏప్రిల్ చివర్లో పునరుద్ధరించడం మొదలెట్టారు. ఆ మధ్య రోజుల్లో ఆ పిల్లల ఇళ్ళల్లో నిద్ర ఉండి ఉంటుందా? అది అన్యాయమే, నేనూ అంటాను. కానీ అన్యాయం జరిగే కాలంలో ఎవరైనా చేసే పని రికార్డుల్లోకి తమ పేరు ఎక్కకుండా చూసుకోవడం. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు?

మూడోది: "సగం రాష్ట్రాల్లో లేనే లేదు, అంటే అది అనవసరమే కదా?"

ఈ వాదనలో పస ఉంది. ఒహాయో 2020 జూలై 1 నుంచి ముందు ప్లేటు తీసేసింది. యూటా 2025 జనవరి 1 నుంచి తీసేసింది. కొంపలేమీ మునగలేదు. కాలిఫోర్నియా 2023లో ఆమోదించిన స్పీడ్ కెమెరాల చట్టం కూడా వెనక ప్లేటు ఫొటో మాత్రమే తీయమంటుంది. వెనకది చాలదా అనే ప్రశ్న అడగదగ్గదే.

అయితే రెండో వైపు కూడా చూడండి. ఒహాయోలో పోలీసులూ, స్కూలు బస్సుల వాళ్ళూ ఆ మార్పుని ఎందుకు వ్యతిరేకించారు? స్కూలు బస్సు ఎర్రలైట్లు వేసుకుని ఆగినప్పుడు, ఎదురుగా వచ్చే కారు ఆగకుండా దూసుకుపోతే, డ్రైవరుకి కనిపించేది ఆ కారు ముందు భాగం. ఆ బస్సు దిగి రోడ్డు దాటేది మీ పిల్లలూ, మా పిల్లలూనే.

నా సంగతే చెప్తాను. పోయినేడాది సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. వెనక నుంచి ఒక నల్ల సెడాన్ వచ్చి గుద్దింది. నేను తేరుకునే లోపు రివర్స్ తీసుకుని, పక్కనున్న గ్యాస్ స్టేషన్‌లోకి తిరిగి అవతలి రోడ్డు మీదకి జారుకుంది. నా కారుకి వెనక అద్దం దగ్గర కూడా డాష్‌క్యామ్ ఉంది. వీడియో అద్దంలా వచ్చింది. గ్రిల్ మీద లోగో, డ్రైవర్ కళ్ళజోడు, అన్నీ కనిపించాయి. ప్లేటు ఉండాల్సిన చోట నున్నటి ప్లాస్టిక్. వెనక భాగం కెమెరాకి చిక్కనే లేదు. డిడక్టిబుల్ 500 డాలర్లు నా జేబులోంచే పోయాయి. ఎవరైనా మిమ్మల్ని వెనక నుంచి గుద్దితే మీకు కనిపించేది అవతలి బండి ముందు భాగమే. ఇది అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా అక్కర్లేదు.

సరే, ఇవన్నీ విన్నాక కూడా చట్టం అనవసరం అనిపించిందా? మంచిదే. ఒహాయో వాళ్ళు చేసినట్టు మార్పించండి. మన సంఘాల సభలకి కాంగ్రెస్ సభ్యులనీ, మేయర్లనీ పిలిచి శాలువాలు కప్పుతాం కదా, ఆ పక్కనే ఈ ముక్క కూడా చెవిలో వేయండి. పౌరసత్వం వచ్చినవాళ్ళు ఓటేయండి. చట్టాన్ని మార్చడం వేరు, నా ఒక్కడికీ వర్తించదని మనకి మనమే మినహాయింపు ఇచ్చుకోవడం వేరు.

నాలుగోది: "ఊరంతా కెమెరాలు. ప్లేటు లేకపోతే నా ప్రైవసీ నాకుంటుంది."

ప్లేట్లు చదివే కెమెరాలు ఎక్కువైన మాట నిజం, ఆ డేటా ఎవరి చేతికి పోతోందన్న భయమూ నిజం. కానీ మీ వెనక ప్లేటు ఉండనే ఉంది. రోడ్డు పక్క స్తంభాలకి పెట్టే కెమెరాల్లో చాలా వాటికి వెనక ప్లేటు చాలు. పైగా మీ జేబులో ఫోను, డాష్‌బోర్డ్‌లో టోల్ ట్యాగు, టెస్లా అయితే కారే ఒక కంప్యూటరు. ఇంటికి నాలుగు తలుపులుంటే మూడు బార్లా తీసి, కిటికీకి తెర కట్టుకున్నట్టుంది. ప్రైవసీ మీద నిజంగా పట్టింపు ఉంటే ఆ డేటా ఎన్నాళ్ళు దాచాలి, ఎవరితో పంచుకోకూడదు అని మీ సిటీ కౌన్సిల్‌ని అడగండి. ఆ పని మానేసి ప్లేటు ట్రంకులో దాస్తే అది ఉద్యమం ఎలా అవుతుంది?

ఐదోది, మన ఫీల్డు వాళ్ళకి ప్రీతిపాత్రమైనది: "స్టీవ్ జాబ్స్ అసలు ప్లేట్లే లేకుండా తిరిగాడు!"

తిరిగాడు. అప్పట్లో కాలిఫోర్నియాలో కొత్త కారుకి ఆరు నెలల దాకా ప్లేటు లేకుండా తిరిగే వెసులుబాటు ఉండేది. ఆరు నెలలకోసారి అలాంటి మెర్సిడెస్సే కొత్తది లీజుకి తీసుకునేవాడని పత్రికల్లో వచ్చింది. అంటే ఆ కథే నిజమైతే ఆయన కూడా రూలు తప్పలేదు, రూల్లో ఉన్న కన్నాన్ని డబ్బు పెట్టి వాడుకున్నాడు. ఆ కన్నంలోంచే టోల్ ఎగ్గొట్టేవాళ్ళూ, గుద్ది పారిపోయేవాళ్ళూ కూడా దూరారు. అందుకే 2016లో ఏబీ 516 అనే చట్టం చేసి, 2019 జనవరి 1 నుంచి కొత్త కార్లన్నిటికీ డీలరే నంబరున్న తాత్కాలిక ప్లేటు అంటించాలన్నారు. ఒకరి సరదా, ఇంకొకరికి దొరకని న్యాయం.

చివరిగా ఒక మాట, కొందరికి చేదుగానే ఉంటుంది. హైదరాబాద్‌లో ఈ-చలానా కెమెరాకి చిక్కకుండా బండి వెనక ప్లేటుకి మాస్కు తగిలించే కుర్రాళ్ళ వీడియోలు వాట్సాప్ గ్రూపుల్లో పంచుకుని "మన జనం మారరు" అని నిట్టూర్చేది మనమే. అక్కడ 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకి హై సెక్యూరిటీ ప్లేట్లు ముందూ వెనకా తప్పనిసరి. కార్ల అద్దం మీద మూడో స్టిక్కరు కూడా. "అమెరికాలో చూడండి, అర్ధరాత్రి ఖాళీ రోడ్డు మీద కూడా స్టాప్ సైన్ దగ్గర ఆగుతారు" అని ఊళ్ళో బాబాయిలకి లెక్చర్లిచ్చేదీ మనమే. వీసా ఫారంలో పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే లాయరుకి నాలుగు మెయిళ్ళు కొడతాం. అంత నిష్ఠా మనకి ఖర్చు లేని చోట, మన ముచ్చటకి అడ్డొచ్చిన చోట ఏమైపోతుంది? మాస్కు కుర్రాడు కనీసం చలానా డబ్బులు మిగుల్చుకుందామని చేస్తున్నాడు. మనం గ్రిల్ అందంగా కనపడాలని చేస్తున్నాం. ఎవరిది పెద్ద తప్పో మీరే చెప్పండి.

ఈ వారాంతం కాస్ట్‌కోకి వెళ్ళే ముందు ఒకసారి ట్రంకు తెరవండి. బియ్యం బస్తా కింద ఎక్కడో ఆ ప్లేటు ఉండే ఉంటుంది. ఒక స్క్రూడ్రైవరు, పది నిమిషాలు చాలు. కన్నాలు పెట్టడం ఇష్టం లేకపోతే టో హుక్ మౌంటు ఆర్డరు చేసుకోండి, వచ్చే శనివారానికల్లా బిగించేయొచ్చు.

"అయినా నేను పెట్టను" అంటారా? అలాగే. కానీ కనీసం "నాకు అలా ఇష్టం, టికెట్టు వస్తే కట్టుకుంటా" అని చెప్పండి. ఆ మాటకైతే నా దగ్గర జవాబు లేదు. గాలి ఆడదు, సెన్సార్లకి అడ్డం, రాజ్యాంగం, స్టీవ్ జాబ్స్ అని మాత్రం మొదలెట్టకండి :)